డిష్‌లో గుండె కణాలు: ఐపీఎస్ కణాలను పిండం నడిచిన దారిలో నడిపించడం ఎలా

మనిషి పిండంలో మూడో వారం మొదలయ్యేసరికి గుండె అనే మాటే లేదు. 15వ రోజు ప్రాంతంలో ఎపిబ్లాస్ట్ అనే పై పొరలోని కణాలు ప్రిమిటివ్ స్ట్రీక్ అనే గాడి గుండా లోపలికి దిగడం మొదలుపెడతాయి. 22వ రోజు వచ్చేసరికి గుండె గొట్టం కొట్టుకుంటూ ఉంటుంది. అంటే ఏ అవయవానికీ చెందని కణం గుండె కణం కావడానికి పట్టేది దాదాపు ఒక వారం. ఐపీఎస్ కణాలతో (పెద్దవాళ్ల మామూలు కణాలను వెనక్కి తిప్పి పిండ దశకు తెచ్చిన మూలకణాలతో) కింద చెప్పిన పద్ధతి చేస్తే మొదటి స్పందన, అంటే కణాలు కొట్టుకోవడం, 8 నుంచి 10 రోజుల్లో కనిపిస్తుంది. రెండు లెక్కలూ ఇంత దగ్గరగా ఉండడానికి కారణం ఉంది. పిండం వాడే సంకేతాలనే, అదే వరసలో, మనం బయటినుంచి అందిస్తున్నాం.

ఇక్కడ చెప్పేది విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో షాన్ పాలెసెక్ బృందం 2012లో ప్రచురించిన పద్ధతి. ల్యాబుల్లో దీన్ని గివీ అంటారు. వాడేది రెండే చిన్న అణువులు. ఒకటి (సీహెచ్‌ఐఆర్ 99021) కణాలు ఒకదానికొకటి పంపుకునే వింట్ అనే సంకేతాన్ని తెరుస్తుంది, రెండోది (ఐడబ్ల్యూపీ-2) మూస్తుంది. మొదటి రోజు వింట్ లేకపోతే కణం మీసోడెర్మ్ (పిండంలో గుండె, కండరాలు వచ్చే మధ్య పొర) కాదు. మూడో రోజు దాటాక కూడా అదే వింట్ నడుస్తూ ఉంటే ఆ మీసోడెర్మ్ గుండె కాదు. కోడి, కప్ప పిండాల మీద 2001లో వచ్చిన ప్రయోగాలు ఈ రెండో సగాన్ని తేల్చాయి: ముందువైపు ఎండోడెర్మ్ (పిండం లోపలి పొర) దగ్గర వింట్‌ను అణిచే ప్రోటీన్లు ఉన్నచోటే గుండె మొలుస్తుంది. కాబట్టి ఈ పనిలో రసాయనాల ధర కన్నా గడియారం ముఖ్యం. ఇది ముందే మనసులో పెట్టుకుంటే తర్వాత వచ్చే సగం తప్పులు జరగవు.

మొదలుపెట్టే ముందు

మన దేశంలో మానవ ఐపీఎస్ కణాలతో పని అంటే సంస్థలోని స్టెమ్‌సెల్ పరిశోధన కమిటీ అనుమతి కావాలి. ఐసీఎంఆర్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల్లో ఈ సంగతి ఉంది. దరఖాస్తు ముందే పెట్టండి.

తర్వాత కణాల ఆరోగ్యం. ఫ్రీజర్‌లోంచి తీసిన కణాలను వెంటనే వాడొద్దు, కనీసం రెండు మూడు పాసేజ్‌లు (కొత్త ప్లేట్‌లోకి మార్చి పెంచడం) పోనివ్వండి. కాలనీల అంచులు పదునుగా, లోపల కణాలు చిన్నగా, దట్టంగా ఉండాలి. అక్కడక్కడా పరుచుకున్న పెద్ద కణాలు కనిపిస్తే అవి అప్పటికే దారి తప్పినవి, వాటిని గీకి తీసేయండి. మైకోప్లాస్మా (కణాల్లో కనిపించకుండా చేరే బ్యాక్టీరియా) పరీక్ష తప్పనిసరి. క్రోమోజోముల పరీక్ష కూడా చేయించాలి. 1, 12, 17, 20 క్రోమోజోముల్లో మార్పులు వచ్చిన కణాలు బ్రహ్మాండంగా పెరుగుతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ సంకేతం ఇచ్చినప్పుడు మాట వినవు. 20వ క్రోమోజోములో వచ్చే చిన్న డూప్లికేషన్ క్రోమోజోములకు రంగు వేసి చూసే మామూలు జి-బ్యాండింగ్‌కు దొరక్కుండా పోతుంది. రిపోర్టు నార్మల్ అని వచ్చినా ఒక లైన్ (ఒకే మూలం నుంచి పెంచుకొస్తున్న ఐపీఎస్ కణాలు) పదేపదే విఫలమైతే దీన్ని డీఎన్‌ఏ ప్రతులను లెక్కపెట్టే క్యూపీసీఆర్‌తో విడిగా చూడాలి.

రసాయనాల లెక్కలు

సీహెచ్‌ఐఆర్ 99021 అణుభారం 465.3. 5 మిల్లీగ్రాముల సీసాలో 1.07 మి.లీ. డీఎంఎస్‌ఓ ద్రావకం పోస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. దాన్ని 50 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో పెట్టండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు.

ఐడబ్ల్యూపీ-2 మొండిది. 10 మిల్లీగ్రాములకు 4.29 మి.లీ. డీఎంఎస్‌ఓ పోస్తే 5 మిల్లీమోలార్. అది తెల్లగా మబ్బు పట్టినట్టు ఉండిపోతే 37 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచి కదపండి. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్రతిసారీ ఇలాగే చేయాలి. కరగని స్టాక్‌ను మీడియాలో కలిపితే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు కణాల మీద పడతాయి. లెక్కకు 5 మైక్రోమోలార్ వేసినట్టే ఉంటుంది, కణానికి చేరేది మాత్రం అందులో కొంతే. ఇది మరీ విసిగిస్తే బదులుగా వింట్-సి59ను 2 మైక్రోమోలార్ దగ్గర వాడవచ్చు, పని చేసే చోటు ఒకటే.

మీడియా రెండు సీసాలు. ఆర్‌పీఎంఐ 1640 500 మి.లీ.లో ఇన్సులిన్ లేని బి27 సప్లిమెంట్ 10 మి.లీ. కలిపితే మొదటిది. ఇన్సులిన్ ఉన్న మామూలు బి27 10 మి.లీ. కలిపితే రెండోది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మూతలకు వేర్వేరు రంగుల టేపు అంటించండి, ఎందుకంటే మొదటి రోజుల్లో ఇన్సులిన్ పడితే మీసోడెర్మ్ గుండె వైపు తిరగదు.

మాట్రిజెల్ (కణాలు అతుక్కునేలా వెల్, అంటే ప్లేట్‌లోని గుంట, అడుగున పూసే ప్రోటీన్ల జెల్) రాత్రంతా 4 డిగ్రీల్లో కరగాలి. 10 డిగ్రీలు దాటితే గట్టిపడడం మొదలవుతుంది కాబట్టి ఐస్ మీదే, ముందే చల్లబరిచిన టిప్పులతో పంచండి. పార్శిల్‌లో డ్రై ఐస్ అయిపోయి మెత్తబడి వచ్చిన సీసాను ఎండాకాలంలో అసలే నమ్మొద్దు. ఎంత పలచన చేయాలో ఆ లాట్ కాగితం మీదే రాసి ఉంటుంది. చల్లటి డీఎంఈఎం/ఎఫ్12లో కలిపి 12 వెల్ ప్లేట్‌లో వెల్‌కు 1 మి.లీ. పోసి, గది ఉష్ణోగ్రతలో గంట ఉంచండి. వెల్ ఆరిపోకూడదు.

ముందు ఒక ట్రయల్ ప్లేట్

ప్రతి లైన్‌కీ సరైన మోతాదు వేరు. ఒక లైన్‌కు 12 మైక్రోమోలార్ సీహెచ్‌ఐఆర్ సరిపోతే ఇంకో లైన్ 8కే చచ్చిపోతుంది. పైగా కణాలు ఎంత దట్టంగా ఉంటే అంత ఎక్కువ మోతాదు కావాలి. అందుకే సాంద్రతను, మోతాదును కలిపే పరీక్షించాలి. 12 వెల్ ప్లేట్‌లో మూడు అడ్డ వరసలు, నాలుగు నిలువు వరసలు ఉంటాయి, ఇది సరిగ్గా ఈ పనికి కుదురుతుంది. అడ్డ వరసల్లో వెల్‌కు 2.5 లక్షలు, 5 లక్షలు, 10 లక్షల కణాలు వేయండి. నిలువు వరసల్లో 6, 8, 10, 12 మైక్రోమోలార్లు ఇవ్వండి. ఒక్కో నిలువు వరసకు 6.5 మి.లీ. మీడియా తయారు చేసుకుంటే, 10 మిల్లీమోలార్ స్టాక్ నుంచి వరసగా 3.9, 5.2, 6.5, 7.8 మైక్రోలీటర్లు పడతాయి. 15వ రోజున ట్రోపోనిన్ టి (గుండె కండరపు ప్రోటీన్) ఉన్న కణాల లెక్క ఎక్కడ ఎక్కువ వస్తే ఆ జంటే మీ లైన్‌కు పనికొచ్చేది. మాట్రిజెల్ లాట్ గానీ, బి27 లాట్ గానీ మారినప్పుడు ఈ ప్లేట్ మళ్లీ వేయాలి. విసుగే, కానీ దీన్ని దాటేసి మూడు నెలలు పోగొట్టుకోవడం కన్నా నయం.

కణాలు వేయడం

0వ రోజు సోమవారం పడేలా ప్లాన్ చేసుకోండి. అప్పుడు రసాయనాలు మార్చే రోజులు మంగళ, గురు, శని, మళ్లీ సోమవారం అవుతాయి. ఆదివారం ఇంట్లో ఉండొచ్చు, దానికి ముందు ఆదివారం మాత్రం మామూలు మీడియా మార్చడానికి రాక తప్పదు.

గురు లేదా శుక్రవారం, 70-80% నిండిన ఐపీఎస్ కణాలకు 6 వెల్ ప్లేట్‌లో వెల్‌కు 1 మి.లీ. ఆక్యుటేస్ (కణాలను విడదీసే ఎంజైమ్ ద్రావణం) పోసి 37 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచండి. ఈ పద్ధతికి ముద్దలు పనికిరావు, విడివిడి కణాలే కావాలి. 200 జి దగ్గర 5 నిమిషాలు తిప్పి, చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో లెక్కపెట్టండి. 90% కన్నా తక్కువ బతికి ఉంటే ఆ రోజు వేయకపోవడమే మంచిది. ఐపీఎస్ కణాలను పెంచే ఎంటీసెర్ మీడియాలో 5 మైక్రోమోలార్ వై-27632 (విడదీసిన కణాలు చావకుండా కాపాడే రసాయనం) కలిపి వేయండి. ప్లేట్‌ను ముందుకీ వెనక్కీ, ఎడమకీ కుడికీ జరపండి. గుండ్రంగా తిప్పితే కణాలన్నీ మధ్యకు పోగవుతాయి, తర్వాత మధ్యలో ఒక రకం, అంచున ఇంకో రకం కణాలు వస్తాయి. మర్నాటి నుంచి వై-27632 లేని ఎంటీసెర్ రోజూ 2 మి.లీ. మార్చండి. సోమవారం పొద్దున వెల్ అడుగు పూర్తిగా నిండి, కణాల మధ్య ఖాళీ లేకుండా ఉండాలి. నిండకపోతే ఒక రోజు ఆగండి.

0వ రోజు: వింట్ తెరవడం

పిండంలో ప్రిమిటివ్ స్ట్రీక్ ఏర్పడడానికి వింట్3, నోడల్, బీఎంపీ4 కలిసి పనిచేస్తాయి. డిష్‌లో సీహెచ్‌ఐఆర్ ఒక్కటే ఆ తలుపు తోస్తుంది. అది జీఎస్‌కే3 అనే ఎంజైమ్‌ను ఆపుతుంది. దాంతో బీటా-కాటెనిన్ కరిగిపోకుండా నిలిచి, కేంద్రకంలోకి వెళ్లి, మీసోడెర్మ్‌కు తొలి గుర్తైన బ్రాకియూరీ జన్యువును లేపుతుంది. మిగతా సంకేతాలను కణాలే తమలో తాము పుట్టించుకుంటాయి.

ఎంటీసెర్‌లో ఇన్సులిన్ ఉంటుంది. అందుకని ముందు ఖాళీ ఆర్‌పీఎంఐతో వెల్‌ను ఒకసారి కడగండి. తర్వాత ఇన్సులిన్ లేని మీడియాలో మీ ట్రయల్ ప్లేట్ చెప్పిన మోతాదులో సీహెచ్‌ఐఆర్ కలిపి 2 మి.లీ. పోయండి. 12 మైక్రోమోలార్ అయితే మి.లీ.కు 1.2 మైక్రోలీటర్లు. పోసిన టైమ్‌ను ప్లేట్ మూత మీదే రాయండి, నోట్‌బుక్‌లో రాస్తే హుడ్ దగ్గర గుర్తుండదు.

1వ రోజు: సరిగ్గా 24 గంటలకు

మైక్రోస్కోప్ కింద చూస్తే భయం వేస్తుంది. పైన తేలుతున్న చచ్చిన కణాలు మీడియాను మబ్బుగా చేస్తాయి, కింద పొరలో చిన్న చిన్న ఖాళీలు పడతాయి. ఇది మామూలే. అడుగు పొర ఇంకా అతుక్కుని ఉందా అన్నదే చూడాల్సింది.

సీహెచ్‌ఐఆర్ తీసి, ఖాళీ ఆర్‌పీఎంఐతో కడిగి, ఇన్సులిన్ లేని మీడియా 2 మి.లీ. పోయండి. కడగడం మానేయొద్దు. ఎందుకంటే మూడో రోజు వేసే ఐడబ్ల్యూపీ-2 పనిచేసేది పోర్‌క్యుపైన్ అనే ఎంజైమ్ మీద. అది కణం కొత్త వింట్ ప్రోటీన్‌ను తయారు చేసి బయటికి పంపకుండా ఆపుతుంది, అంతవరకే. సీహెచ్‌ఐఆర్ ఏమో రిసెప్టర్‌కు చాలా కింద, జీఎస్‌కే3 దగ్గర కూర్చుంటుంది. వెల్‌లో సీహెచ్‌ఐఆర్ మిగిలి ఉంటే పైన ఎంత ఐడబ్ల్యూపీ-2 వేసినా వింట్ ఆగదు. గుండె కణాలు రాలేదని ఐడబ్ల్యూపీ-2 సీసాలు మార్చే చాలామందికి అసలు తప్పు 1వ రోజున జరిగి ఉంటుంది.

2వ రోజు ప్లేట్‌ను ముట్టుకోవద్దు. ఈ గంటల్లో బ్రాకియూరీ దిగి, గుండె వైపు వెళ్లే మీసోడెర్మ్‌కు గుర్తైన మెస్ప్1 జన్యువు లేస్తుంది. మెస్ప్1 లేని ఎలుక పిండాల్లో కణాలు సరిగా కదలక, మధ్యలో కలవాల్సిన రెండు వైపుల గుండె మూలాలు వేర్వేరుగా ఉండిపోతాయని 1999లో తేలింది. కాబట్టి డిష్‌లో మెస్ప్1 కనిపించడమంటే కణం ప్రిమిటివ్ స్ట్రీక్ వదిలి బయల్దేరిందని అర్థం. గుండె అయిపోయిందని కాదు.

3వ రోజు: వింట్ మూయడం

సీహెచ్‌ఐఆర్ పోసి 72 గంటలు కావాలి. ఈ రోజు పాత మీడియా మొత్తం పారబోయొద్దు. ప్రతి వెల్ నుంచి 1 మి.లీ. ట్యూబ్‌లోకి తీసుకుని, దానికి సమానంగా ఇన్సులిన్ లేని కొత్త మీడియా కలపండి. ఆ మిశ్రమంలో మి.లీ.కు 1 మైక్రోలీటర్ చొప్పున ఐడబ్ల్యూపీ-2 వేస్తే 5 మైక్రోమోలార్ అవుతుంది. వెల్‌లో మిగిలింది తీసేసి ఈ మిశ్రమం 2 మి.లీ. పోయండి. పాత మీడియా ఎందుకంటే, ఆ రెండు రోజుల్లో కణాలు విడుదల చేసిన సంకేత ప్రోటీన్లు అందులో ఉంటాయి. పిండంలో ఈ దశలో పక్కనున్న ఎండోడెర్మ్ బీఎంపీలను అందిస్తుంది. డిష్‌లో అలాంటి పొరుగు కొంచెమే ఉంటుంది కాబట్టి ఉన్నదాన్ని కాపాడుకోవాలి.

ఇక్కడ ఆరు గంటలు ముందు వెనకలైనా దిగుబడిలో తేడా కనిపిస్తుంది. 2వ రోజే మూస్తే మీసోడెర్మ్ పూర్తికాదు, 4వ రోజుకు జరిపితే గుండె కాని మీసోడెర్మ్ పెరుగుతుంది.

5, 7 రోజులు

5వ రోజు ఇన్సులిన్ లేని మీడియా 2 మి.లీ. మార్చండి. 7వ రోజు ఇన్సులిన్ ఉన్న మీడియాకు వెళ్లండి, ఆ తర్వాత మూడు రోజులకోసారి మార్చితే చాలు. పైపెట్‌ను వెల్ గోడకు ఆనించి నెమ్మదిగా వదలండి. ఈ దశలో పొర మందంగా అయి, కణాలు లోపలికి లాక్కుంటూ ఉంటాయి. ధారగా పోస్తే పొర మొత్తం చాపలా చుట్టుకుని లేచిపోతుంది.

7వ రోజు పొర మీద దట్టమైన, గట్లు కట్టినట్టుండే ప్రాంతాలు కనిపించడం మంచి సూచన. 8 నుంచి 10 రోజుల మధ్య ఆ గట్ల దగ్గర మొదటి కదలిక వస్తుంది, 12కు చాలా వెల్స్ మొత్తంగా కదులుతాయి. ఏసీ గదిలో ప్లేట్ బయట ఎక్కువసేపు ఉంటే వేడి తగ్గి స్పందన నెమ్మదిస్తుంది, ఆగిపోనూవచ్చు. ఇంక్యుబేటర్ నుంచి తీసిన రెండు మూడు నిమిషాల్లోనే చూసేయండి.

గుండె కణమేనా అని తేల్చుకోవడం

కొట్టుకుంటోంది కదా అని లెక్క వదిలేయొద్దు. వెల్‌లో సగం కణాలే గుండెవైనా, అవి లాగితే మిగతా సగం కూడా కదిలినట్టే కనిపిస్తుంది.

మొదటి రెండు మూడు బ్యాచ్‌లలో 0, 1, 3, 5, 7, 15 రోజులకు ఒక్కో వెల్ బలి ఇచ్చి ఆర్‌ఎన్‌ఏ తీయండి. కనిపించాల్సిన వరస ఇది: 0వ రోజు ఆక్ట్4, నానోగ్ (ఇంకా మారని ఐపీఎస్ కణాల గుర్తులు). 1వ రోజు బ్రాకియూరీ. 3వ రోజుకు మెస్ప్1. 5వ రోజు నుంచి గుండె మూల కణాల జన్యువులు గాటా4, ఐలెట్1, టీబీఎక్స్5, ఎన్‌కేఎక్స్2-5. 7 దాటాక ట్రోపోనిన్ టి జన్యువు టీఎన్‌ఎన్‌టీ2. వరస ఎక్కడ తెగిందో తెలిస్తే ఏ రోజు పని చెడిందో తెలిసినట్టే. 15వ రోజున కూడా ఆక్ట్4 ఉంటే మారని కణాలు మిగిలాయని అర్థం.

ఒక్క జన్యువును పట్టుకుని తీర్పు చెప్పకూడదు. పండ్ల ఈగలో టిన్‌మన్ జన్యువు పోతే గుండె అసలే ఏర్పడదని 1993లో తెలిసింది. దాని బంధువే మనలోని ఎన్‌కేఎక్స్2-5. కానీ అది లేని ఎలుక పిండంలో గుండె గొట్టం ఏర్పడుతుంది, కొట్టుకుంటుంది కూడా, మెలిక తిరిగే దగ్గర ఆగిపోతుంది. వెన్నెముక ఉన్న జీవుల్లో గుండె గుర్తింపు గాటా4, టీబీఎక్స్5, ఎన్‌కేఎక్స్2-5 వంటివి ఒకదాన్నొకటి పట్టి నిలబెట్టే వల. టీబీఎక్స్5 రెండు ప్రతుల్లో ఒకటి చెడినా మనిషిలో హోల్ట్-ఓరమ్ సిండ్రోమ్ వస్తుంది, చేతి ఎముకలు, కర్ణికల మధ్య గోడ రెండూ దెబ్బతింటాయి. కాబట్టి కనీసం మూడు జన్యువులు కలిపి చూడండి.

చివరి లెక్క కణాలను ఒక్కొక్కటిగా చూసి లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీతోనే. 15వ రోజు కణాలను విడదీసి 1% పారాఫార్మాల్డిహైడ్‌లో 20 నిమిషాలు, తర్వాత చల్లటి 90% మిథనాల్‌లో 15 నిమిషాలు ఉంచి, 13-11 క్లోన్ ట్రోపోనిన్ టి యాంటీబాడీతో రంగు వేయండి. నెగటివ్ కంట్రోల్‌గా అదే లైన్‌కు చెందిన మారని ఐపీఎస్ కణాలను కూడా అదే రోజు రంగు వేయాలి. 80% దాటితే బ్యాచ్ బాగున్నట్టు.

ఎక్కడ చెడుతుంది

2వ రోజుకే వెల్ ఖాళీ అయితే సీహెచ్‌ఐఆర్ ఎక్కువైంది లేదా కణాలు తక్కువ పడ్డాయి. ముందు సాంద్రత పెంచి చూడండి, మోతాదు తర్వాత. ఒక్క కణమూ చావకుండా, 5వ రోజు కూడా కాలనీలు మెరుస్తూ ఐపీఎస్‌లాగే ఉంటే మోతాదు చాలలేదు. బ్రాకియూరీ బాగా వచ్చి ఎన్‌కేఎక్స్2-5 రాకపోతే 1వ రోజు కడగడం, 3వ రోజు టైమ్, ఐడబ్ల్యూపీ-2 స్ఫటికాలు, మీడియా సీసా తారుమారు, ఈ నాలుగింటినీ అదే వరసలో అనుమానించండి. వెల్ అంచున రింగులా మాత్రమే కొట్టుకుంటే కణాలు వేసిన రోజు ప్లేట్ గుండ్రంగా తిప్పి ఉంటారు. నిన్నటిదాకా బాగా వచ్చిన లైన్ ఉన్నట్టుండి రాకపోతే మైకోప్లాస్మా, ఆ తర్వాత క్రోమోజోములు.

50-70% దగ్గర ఆగిన బ్యాచ్‌ను పారేయనక్కర్లేదు. గుండె కణం లాక్టేట్‌ను ఇంధనంగా వాడుకోగలదు, మిగతావి ఎక్కువగా గ్లూకోజ్ మీద బతుకుతాయి. 12వ రోజు తర్వాత గ్లూకోజ్ లేని మీడియాలో 4 మిల్లీమోలార్ సోడియం లాక్టేట్ కలిపి నాలుగు నుంచి ఆరు రోజులు ఉంచితే గుండె కానివి రాలిపోతాయి. జపాన్‌లోని కేయో విశ్వవిద్యాలయం బృందం 2013లో చూపిన ఉపాయమిది. చచ్చిన కణాలను రెండు రోజులకోసారి తీసేయకపోతే అవి వదిలే పదార్థాలతో మిగతావి బతికిపోతాయి. 30% కన్నా తక్కువ ఉన్న వెల్‌లో ఇది చేయొద్దు. పొర చెదిరి గుండె కణాలూ పోతాయి.

జఠరికా, కర్ణికా?

పైన చెప్పినట్టు చేస్తే వచ్చేవి ఎక్కువగా జఠరిక తరహా కణాలు. పిండంలో వెనకవైపు మీసోడెర్మ్‌లో రాల్డ్2 ఎంజైమ్ రెటినోయిక్ యాసిడ్ తయారు చేస్తుంది, ఆ ప్రాంతం నుంచి వచ్చే కణాలు కర్ణికలవుతాయి. డిష్‌లో కూడా అంతే. 3వ రోజు ఐడబ్ల్యూపీ-2తో పాటే 1 మైక్రోమోలార్ రెటినోయిక్ యాసిడ్ కలపండి, 5వ రోజు మీడియా మార్చినప్పుడు మళ్లీ వేయండి, 6వ రోజు తీసేయండి. మిగతా రోజులు మామూలే. దీనికి వెలుతురు పడదు. హుడ్ లైటు ఆర్పి, ట్యూబ్‌కు అల్యూమినియం ఫాయిల్ చుట్టి పని చేయండి. 7వ రోజు తర్వాత ఇస్తే ఫలితం ఉండదు, అప్పటికే కణం ఎటు వెళ్లాలో తేల్చుకుని ఉంటుంది.

ఈ కణాలు పక్క వెల్‌లోని జఠరిక కణాల కన్నా వేగంగా కొట్టుకుంటాయి. పరీక్షకు, కర్ణిక గుర్తుగా చెప్పే ఎంవైఎల్7ను మాత్రం నమ్మొద్దు, పసి జఠరిక కణాల్లోనూ అది నిండుగా ఉంటుంది. 30వ రోజు దాకా ఆగి, కర్ణిక గుర్తైన ఎన్‌ఆర్2ఎఫ్2 ఉండి జఠరిక గుర్తైన ఎంవైఎల్2 లేని కణాలనే కర్ణిక కణాలుగా లెక్కపెట్టండి.